బినోదిని నటించిన స్టార్ ఇది కాదు: కోల్‌కతా నగరపాలక సంస్థకు బహిరంగ లేఖ

కోల్‌కతా నగరపాలక సంస్థ మేయర్‌గారికి, హెరిటేజ్ విభాగం అధికారులకు నమస్కారం.

హాతీబాగాన్‌లోని స్టార్ థియేటర్‌కు పంతొమ్మిదో శతాబ్దపు బెంగాలీ రంగస్థల నటి బినోదినీ దాసి పేరు పెడుతున్నట్టు 2024 డిసెంబరు 30న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి ప్రకటించారు. నూట నలభై ఏళ్ల కిందట ఇస్తామని మాటిచ్చి ఎగ్గొట్టిన పేరు అది. ఇన్నాళ్లకైనా దక్కినందుకు మాకు సంతోషమే. పేరు కింద ఏం రాస్తారన్నదే ఈ ఉత్తరం. ఎందుకంటే హాతీబాగాన్ భవనంలో బినోదిని ఒక్క రాత్రి కూడా నటించలేదు. ఆ తలుపులు తెరిచేనాటికి ఆమె రంగస్థలం వదిలి పదహారు నెలలు దాటింది.

ఆమె నటించిన స్టార్ బీడన్ స్ట్రీట్‌లో ఉండేది. ఇప్పుడు లేదు. దాని మీదుగా సెంట్రల్ ఎవెన్యూ పోతోంది. స్టార్ పేరుతో రెండు భవనాలు ఉన్నాయన్న సంగతి నాటక చరిత్ర చదివినవాళ్లకు తెలుసు. గోడ మీద బోర్డు చదివి వెళ్లిపోయేవాళ్లకు తెలియదు. ఇప్పుడు గుమ్మం మీద బినోదిని పేరే ఉంటే, ఆమె సతీదేవిగా నిలబడ్డ వేదిక ఇదేననీ, రామకృష్ణ పరమహంస వచ్చి నాటకం చూసింది ఇక్కడేననీ ఎవరైనా అనుకుంటారు. ఆ పొరపాటు మీ బోర్డుతోనే మొదలవకూడదని మా విన్నపం.

తెలుగువాళ్లకు దీనితో ఏం పని అని అడగవచ్చు. బెంగాలీ నాటకకర్త ద్విజేంద్రలాల్ రాయ్ నాటకాలను శ్రీపాద కామేశ్వరరావు తెలుగులోకి తెచ్చారు. ఆ నాటకాల్లో ప్రతాపసింహుని కథ 1905లో మొదట ఆడింది మీ హాతీబాగాన్ స్టార్‌లోనే. షాజహాన్ 1909లో కోల్‌కతాలోనే మినర్వా థియేటర్‌లో ఆడింది. కోల్‌కతా వెళ్లినప్పుడు ఆ గుమ్మాల ముందు ఆగి చూసే నాటకాలవాళ్లు మాలో ఉన్నారు.

మొదటి స్టార్ ఎలా పుట్టిందో కాస్త వివరంగా చెప్పాలి. బోర్డు మీద తప్పులు దొర్లేదంతా ఇక్కడే. బినోదిని 1874 డిసెంబరులో గ్రేట్ నేషనల్ థియేటర్‌లో నెలకు పది రూపాయల జీతానికి చేరారు. తర్వాత బెంగాల్ థియేటర్, ఆ తర్వాత నాటకకర్త, ఆమెకు నటన నేర్పిన గురువు గిరీశ్‌చంద్ర ఘోష్ దగ్గర నేషనల్ థియేటర్. నేషనల్ యజమాని ప్రతాప్‌చంద్ జహురీతో జీతం విషయంలో పేచీ వచ్చింది. ఆమె సెలవు మీద కాశీ వెళ్లి ఆలస్యంగా వస్తే, ఆ రోజులకు జీతం ఇవ్వనన్నాడు. గిరీశ్‌కూ ఆయనతో పొసగలేదు. సొంత థియేటర్ కావాలి, చేతిలో డబ్బు లేదు. డబ్బు పెడతానన్నది గుర్ముఖ్ రాయ్ ముసద్ది అనే మార్వాడీ యువకుడు. షరతు బినోదిని తనది కావడమే. నాటకాలు మానేస్తే యాభై వేల రూపాయలు ఇస్తానని కూడా ఆమెకు చెప్పాడు. ఆమె డబ్బు వద్దని, థియేటర్ కట్టించమన్నారు.

బీడన్ స్ట్రీట్ 68 నంబరులో కీర్తిచంద్ర మిత్రది ఖాళీ స్థలం. దాన్ని లీజుకు తీసుకున్నారు. కట్టేటప్పుడు వెనక వరుసల కోసం మట్టి పోసి ఎత్తు చేయాల్సి వస్తే, పని తొందరగా తెమలాలని బుట్టకు ఇన్ని గవ్వలని కూలి కట్టించి, తానూ బుట్టలు మోశానని బినోదిని తన ఆత్మకథలో రాసుకున్నారు. ఆమె పేరులోని మొదటి అక్షరంతో ‘బి థియేటర్’ అని పెడతామని అందరూ ఒప్పుకున్నారు. రిజిస్ట్రేషన్ ముగించుకుని వచ్చాక చూస్తే పేరు స్టార్. వేశ్యల ఇంట పుట్టిన నటి పేరు గుమ్మం మీద ఉంటే మర్యాదస్తులు రారని వాళ్ల భయం. ఆ మర్యాదస్తులే టికెట్ కొనుక్కుని ఆమెను చూడడానికి వచ్చేవారు, అది వేరే మాట.

1883 జూలై 21, శనివారం రాత్రి గిరీశ్ రాసిన ‘దక్షయజ్ఞ’తో స్టార్ తెరుచుకుంది. గిరీశ్ దక్షుడు, అమృతలాల్ మిత్ర శివుడు, బినోదిని సతి. గుర్ముఖ్ రాయ్‌కు ఇంటి ఒత్తిడి, అనారోగ్యం తోడై కొద్ది కాలానికే థియేటర్‌ను వదిలించుకోవాలనుకున్నాడు. సగం వాటా బినోదినికి రాయాలన్నది అతని ఉద్దేశం. గిరీశ్ ఆమె తల్లికి నచ్చజెప్పి ఆ మాట సాగనివ్వలేదు. చివరికి పదకొండు వేల రూపాయలకు అమృతలాల్ మిత్ర, అమృతలాల్ బసు, హరిప్రసాద్ బసు, దాసుచరణ్ నియోగి కొన్నారు. అంటే ఆమె పేరూ పోయింది, వాటా కూడా పోయింది. మీరు పెట్టబోయే బోర్డు మీద ‘బినోదిని త్యాగం’ అని ఒక్క మాటతో సరిపెట్టకండి. త్యాగం అంటే ఆమె తనంతట తాను వదులుకున్నట్టు వినిపిస్తుంది. ఇక్కడ జరిగింది మాట తప్పడం, వాటా తప్పించడం. ఆ పని చేసిన వాళ్లలో ఆమె గురువూ ఉన్నాడు. గిరీశ్ గొప్ప నాటకకర్త అన్న మాటకు దీనివల్ల వచ్చే నష్టం ఏమీ లేదు, రెండూ రాయవచ్చు.

గిరీశ్ నాటకం ‘చైతన్యలీల’ 1884 ఆగస్టు 2న మొదలైంది. రామకృష్ణులు దాన్ని చూసింది 1884 సెప్టెంబరు 21, ఆదివారం. అందులో నిమాయిగా, అంటే చైతన్యునిగా నటించిన బినోదినిని ఆయన ఆశీర్వదించింది బీడన్ స్ట్రీట్‌లో. అదే నాటకంలో ఒక చిన్న పిల్లవాడి వేషంతో రంగం ఎక్కిన బాలిక తారాసుందరి. ఆమెను తీసుకొచ్చింది బినోదినే. తర్వాత హాతీబాగాన్ స్టార్‌లో ‘చంద్రశేఖర్’లో శైవలినిగా పేరు తెచ్చుకున్నది ఆ తారాసుందరే. మీ భవనానికీ బినోదినికీ నిజమైన బంధుత్వం కావాలంటే ఇదిగో ఉంది. ఇది వదిలేసి లేని బంధుత్వం అంటగట్టడం ఎందుకు?

1887 జనవరి 1న బినోదిని చివరిసారి నటించారు. అప్పటికి ఆమెకు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లు. ఆ ఏడే గోపాల్‌లాల్ శీల్ అనే ధనవంతుడు థియేటర్ కింది స్థలం కొనేశాడు. నేల అతనిది, కట్టడం వీళ్లది. బేరం కుదిరి కట్టడాన్ని ముప్పై వేల రూపాయలకు అతనికి అమ్మారు. స్టార్ అన్న పేరు మాత్రం అమ్మలేదు. గందరగోళానికి మూలమంతా ఈ ఒక్క షరతే. భవనం ఎమరాల్డ్ థియేటర్ అయ్యింది, పేరు మూటగట్టుకుని కంపెనీ హాతీబాగాన్‌కు వచ్చింది. గిరీశ్‌ను శీల్ నెలకు 350 రూపాయల జీతంతో, ఇరవై వేల బోనస్‌తో ఎమరాల్డ్‌కు తీసుకుపోయాడు. ఆ ఇరవై వేలల్లో పదహారు వేలు గిరీశ్ స్టార్‌లోని పాత మిత్రులకే ఇచ్చాడు. అంటే హాతీబాగాన్ గోడల్లో పోటీదారు సొమ్ము ఉంది. 1888 మే 25న కొత్త స్టార్ ‘నసీరాం’తో తెరుచుకుంది. రాసింది గిరీశే, కాని ఎమరాల్డ్ ఒప్పందం వల్ల పేరు వేసుకోలేక ‘సేవక్’ అని వేయించాడు.

పాత స్థలం సంగతి. ఎమరాల్డ్ తర్వాత 1897లో అమరేంద్రనాథ్ దత్త అక్కడ క్లాసిక్ నడిపాడు. 1907లో అది కోహినూర్, 1915లో మనోమోహన్ అయ్యింది. శిశిర్ కుమార్ భాదుడీ ఆడించిన ‘సీత’ నాటకం 1924లో అక్కడే వెలిగింది. తర్వాత సెంట్రల్ ఎవెన్యూ పొడిగింపులో భవనం పడగొట్టారు. బాగ్‌బజార్‌లో గిరీశ్ ఇల్లు అడ్డొస్తే దాన్ని నిలబెట్టి రోడ్డునే రెండు పాయలు చేశారు. బినోదిని మట్టి మోసిన థియేటర్‌కు ఆ భాగ్యం దక్కలేదు.

ఇక మా కోరికలు. మొదటిది, గుమ్మం దగ్గర ఒక పలక. దాని మీద ఇంతే ఉంటే చాలు: ‘బినోదినీ దాసి (మరణం 1941) కృషితో మొదటి స్టార్ థియేటర్ 1883 జూలై 21న బీడన్ స్ట్రీట్‌లో వెలిసింది. ఆమె పేరు పెడతామన్న మాట నిలబెట్టుకోలేదు. ఆమె 1887 జనవరి 1 వరకు అక్కడ నటించారు. ఆ భవనం ఇప్పుడు లేదు. కంపెనీ స్టార్ పేరుతో ఇక్కడ కట్టిన ఈ థియేటర్ 1888 మే 25న మొదలైంది. 1991లో అగ్నిప్రమాదంలో కాలిపోగా, పాత ముఖభాగాన్ని నిలిపి నగరపాలక సంస్థ వెనక భాగాన్ని తిరిగి కట్టి 2004లో తెరిచింది.’ పొగడ్త విశేషణాలు వద్దు. బెంగాలీ పైన, హిందీ, ఇంగ్లిషు కింద.

తేదీలు బెంగాలీ సంవత్సరాల్లోంచి మార్చేటప్పుడు జాగ్రత్త. పాత పుస్తకాలు చాలావరకు బంగాబ్దంలోనే ఇస్తాయి. 593 కలిపితే క్రీస్తుశకం వస్తుందని అందరూ గుడ్డిగా కలిపేస్తారు. వైశాఖం నుంచి డిసెంబరు 31 దాకా అది సరే. జనవరి 1 నుంచి ఏప్రిల్ మధ్యలో సంవత్సరం మారేదాకా 594 కలపాలి. బినోదిని చివరి ప్రదర్శన 1293 పౌష మాసంలో వచ్చింది. పౌషం డిసెంబరులోనూ జనవరిలోనూ ఉంటుంది. 593 కలిపితే 1886 అని తేలుతుంది, తప్పు. ఆమె ఆత్మకథ ‘ఆమార్ కథా’ వెలువడింది 1319లో. నెల చూడకుండా దానికి 1912 వేయాలో 1913 వేయాలో చెప్పలేం. రెండో పరీక్ష వారం. జూలై 21 శనివారం అవుతుందా, సెప్టెంబరు 21 ఆదివారం అవుతుందా అని లెక్క కట్టి చూడండి. పాత ప్రకటనల్లో వారం తప్పకుండా ఉంటుంది. వారం కుదరకపోతే తేదీ నమ్మవద్దు. అర్ధరాత్రి దాటి ముగిసే ఆటలు కాబట్టి ఒక్క రోజు తేడాకు అదే కారణం కావచ్చు, అప్పుడు ప్రకటనలో ఉన్న తేదీయే తీసుకోవాలి.

రెండోది, బీడన్ స్ట్రీట్ సెంట్రల్ ఎవెన్యూను దాటే చోట ఒక గుర్తు. మా దృష్టిలో గుమ్మం పలక కన్నా ఇదే ముఖ్యం. కాలిబాట మీద పొదిగే ఇత్తడి బిళ్ల వద్దు. మొదటి వానకే బురద పడుతుంది, చెప్పుల రాపిడికి అక్షరాలు అరుగుతాయి, ఇత్తడికి తూకం ధర ఉంది కాబట్టి ఒక రాత్రి ఊడిపోతుంది. అక్రిలిక్ మీద అంటించిన వినైల్ కూడా వద్దు. ఎండ సూటిగా తగిలే గోడ మీద మొదట ఎరుపు వెలుస్తుంది, తర్వాత అంచులు లేస్తాయి. నిలువుగా పెట్టిన గ్రానైట్ పలక మీద లోతుగా చెక్కించి రంగు నింపండి. రంగు పోయినా చెక్కడం మిగులుతుంది. పలక మధ్యభాగం నేల నుంచి 1.4 నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉంటే నిలబడ్డవాళ్లూ, పిల్లలూ చదవగలరు. మూడు మీటర్ల దూరం నుంచి కనిపించాలంటే బెంగాలీ అక్షరం 15 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అంతకన్నా చిన్నగా చెక్కితే ఒత్తులు కలిసిపోయి గీతల్లా కనిపిస్తాయి. మొబైల్‌తో స్కాన్ చేసే కోడ్ ఒక్కటే పెట్టి వదిలేయకండి. వెబ్‌సైట్ చిరునామా మారిన రోజు ఆ గళ్ల చదరం దేనికీ పనికిరాదు. అసలు విషయం రాతి మీదే ఉండాలి. అయిదు పేర్లూ వరసగా ఉండాలి: స్టార్, ఎమరాల్డ్, క్లాసిక్, కోహినూర్, మనోమోహన్. ఒకే నేల, అయిదు గుమ్మాలు. బెంగాలీ నాటక చరిత్రలో సగం తికమక ఈ వరస తెలియక వచ్చిందే.

లోపల ఫొటోలు పెట్టేటప్పుడు, 1883 గురించి రాసిన చోట హాతీబాగాన్ ముఖభాగం బొమ్మ వేయవద్దు. చాలా చోట్ల జరిగే తప్పు ఇదే. రాత సరిగ్గా ఉన్నా బొమ్మ అబద్ధం చెబుతుంది.

హాతీబాగాన్ చరిత్రను బినోదిని నీడలో దాచేయవద్దని కూడా అడుగుతున్నాం. దానికి అరువు గొప్ప అక్కర్లేదు. అమృతలాల్ బసు దాన్ని దశాబ్దాల తరబడి నడిపాడు. 1923 జూన్ 30న ఆర్ట్ థియేటర్ వాళ్లు అపరేశ్‌చంద్ర ముఖోపాధ్యాయ ‘కర్ణార్జున్’ మొదలుపెట్టి, కొత్త తరం నటులను నిలబెట్టారు. రవీంద్రనాథుని ‘చిరకుమార సభ’ 1925లో ఇక్కడ ఆడింది. 1953లో మొదలైన ‘శ్యామలి’ 484 రాత్రులు ఆడింది. అందులో ఉత్తమ్ కుమార్, సావిత్రీ చటర్జీ నటించారు. సినిమాలో తారగా ఎదుగుతున్న నటుడు వారం వారం వచ్చి అదే వేషం వేయడమంటే ఎంత పనో నాటకాలాడేవాళ్లకు తెలుసు. ఇవన్నీ ఇంకో గోడకు సరిపడా ఉన్నాయి.

పేరు నటిది, ఆడేది సినిమా అయితే ఎలా? 2004 తర్వాత ఆ హాలులో సినిమాలే ఎక్కువగా ఆడాయి. నాటకానికి సాయంత్రాలు కేటాయిస్తామంటే చాలదు. మధ్యాహ్నం సినిమా ఆట వదిలాక అయిదింటికి వేదిక చేతికిస్తే, ఆరున్నరకు తెర తీయాల్సిన నాటక సమాజం ఏం చేయగలదు? సెట్ దించి బిగించడానికి రెండు మూడు గంటలు, దీపాలు ఎక్కించి సరిచేయడానికి మూడు నాలుగు గంటలు, ఒకసారి రిహార్సల్. సినిమా తెర, దాని వెనక స్పీకర్లు వేదిక లోతును మింగేస్తాయి. వాటిని ప్రతిసారీ కదిలించడం కుదరదు గనుక నాటకం ముందున్న కాస్త జాగాలో ఇరుక్కుంటుంది. అందుచేత వారానికి నాలుగు సాయంత్రాల కన్నా, ఉదయం నుంచి రాత్రి దాకా రెండు పూర్తి రోజులు ఇవ్వండి. సంఖ్య తక్కువైనా నాటకాలు నిజంగా ఆడతాయి.

నిప్పు గురించి కూడా ఒక మాట. గ్రేట్ నేషనల్ 1873 డిసెంబరు 31న, తెరిచిన రాత్రే అంటుకుంది. మినర్వా 1922లో కాలింది. స్టార్ 1991లో, రంగ్‌మహల్, విశ్వరూప రెండూ 2001లో. గ్యాస్ దీపాల కాలం పోయినా కారణాలు పెద్దగా మారలేదు. ఏళ్ల తరబడి దుమ్ము పట్టిన గుడ్డ, ఎండిన కొయ్య, వాటి పక్కనే వేడి దీపం, పాత వైర్ల మీద కొత్త బరువు. హాలు అద్దెకిచ్చేటప్పుడు సమాజాలు తెచ్చే నూలు తెరలను చూసి గాని లోపలికి రానివ్వకండి. లీటరు గోరువెచ్చని నీటికి సుమారు 60 గ్రాముల బోరాక్స్, 50 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి, గుడ్డ పూర్తిగా తడిసేలా ముంచి ఆరబెడితే నూలు తొందరగా అంటుకోదు. ఉతికితే మందు పోతుంది, మళ్లీ ముంచాలి. పాలిస్టర్ మీద ఇది పనిచేయదు. దాని అంచు కత్తిరించి వెలిగించి చూస్తే కరిగి చుక్కలు పడుతుంది, అలాంటిది దీపాల దగ్గర కట్టనివ్వకూడదు. ఈ పరీక్ష హాలు బయట చేయాలని వేరే చెప్పక్కర్లేదు.

ఇంకొక గోడ మిగులుతుంది, నటీమణులది. బినోదిని ఒక్కరే లేచి వచ్చినట్టు రాస్తే ఆమెకు ముందున్నవాళ్లు చెరిగిపోతారు. 1872 డిసెంబరు 7న నేషనల్ థియేటర్ ‘నీల్‌దర్పణ్’తో టికెట్ల నాటకం మొదలైనప్పుడు ఆడ వేషాలన్నీ మగవాళ్లవే. 1873 ఆగస్టు 16న బెంగాల్ థియేటర్ తెరిచినప్పుడు, మైకేల్ మధుసూదన్ దత్ సలహాతో నలుగురు స్త్రీలను తీసుకున్నారు: గోలాప్, ఎలోకేశి, జగత్తారిణి, శ్యామ. దాన్ని ఒప్పుకోలేక విద్యాసాగర్ అంతటివారు ఆ థియేటర్ కమిటీ నుంచి తప్పుకున్నారు. మా వైపు సురభి కుటుంబాల స్త్రీలు వేదిక ఎక్కినా, మిగతా సమాజాల్లో స్థానం నరసింహారావు కాలం దాకా మగవాళ్లే స్త్రీ పాత్రలు వేశారు. కాబట్టి ఆ నాలుగు పేర్లు చదివితే తెలుగు నాటకాలవాళ్లకు వాటి బరువు వెంటనే తెలుస్తుంది. గోలాప్ పెళ్లాడి సుకుమారీ దత్త అయ్యారు. ఆ రెండు పేర్లనూ ఇద్దరు మనుషులనుకుని విడివిడిగా రాసేయకండి.

వీటిలో గుమ్మం పలక ముందు పెట్టండి. దానికి ఖర్చు తక్కువ, అనుమతులు మీ చేతిలోనివే. రోడ్డు మీది గ్రానైట్‌కు ట్రాఫిక్ పోలీసుల, రోడ్ల విభాగం సమ్మతి కావాలి గనుక దరఖాస్తు ఇప్పుడే పెడితే వచ్చే జూలై 21కి అందుతుంది. చెక్కించే ముందు రాతప్రతిని కాగితం మీద అసలు కొలతతో అచ్చువేసి, నాటక చరిత్ర తెలిసిన ఇద్దరి చేత, ఏమీ తెలియని ఒకరి చేత చదివించండి. తెలియని మనిషి ‘అయితే ఆమె నటించింది ఎక్కడ?’ అని అడిగితే ఆ రాత ఇంకా కుదరలేదన్నమాట.

ఇట్లు,
నాటక చరిత్ర చదువుకునే కొందరు తెలుగువాళ్లు